తేదీ యెక్కడ?

నెల దినములనుండి ప్రతి యుదయమున వార్తాపత్రికను విప్పగానే దాని గర్భమునుండి బిలబిల రాలిపడు కరపత్రములను ఏరుకొనుటతోనే నా కాఫీ చల్లారిపోవుచున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన మా నరసరావుపేట పల్నాడు జిల్లాకు కేంద్రమైనది. ఆనాటినుండి ఊరెంత పెరిగినదో చెప్పజాలను గాని, కరపత్రములు పెరిగినవని మాత్రము ఏ గుడి మెట్టుమీదనైనను ప్రమాణము చేయగలను.

సంఖ్యను సహింపవచ్చును, స్వరూపమే దుస్సహము. డెమ్మీ కాగితమున ఎనిమిదవ వంతు జాగాలో పైన విఘ్నేశ్వరుడు, ఆయన ప్రక్కన మా కోటప్పకొండ త్రికోటేశ్వరుడు, ఆ క్రింద యజమాని మొదలుకొని ఆయన బావమరిది వరకు చేతులు జోడించిన పదునాలుగు ముఖములు, నడుమ ఐదు రంగుల అక్షరములు, అక్షరములకు నీడలు, నీడలకు అంచులు. ఇన్నింటిని దాటి, అమ్మునది చీరలో ఎరువులో తెలిసికొనువేళకు పాఠకుని యుత్సాహము హరించిపోవును. అచ్చువేసినవాని పేరు మాత్రము అరమైలు దూరమునకు కనబడును. ఎన్నికల కరపత్రములపై ముద్రాపకుని పేరు, చిరునామా ఉండితీరవలెనని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమున 127-ఎ విభాగము శాసించుచున్నది గదా, మావారు భక్త్యతిశయముచే దానిని పచ్చళ్ల దుకాణములకును వర్తింపజేసికొనిరి.

మా మేనల్లుడు బట్టల కొట్టు తెరచుచు కరపత్రము వ్రాసిపెట్టుమనగా, సరకు, వీధి, తేదీ మూడు పంక్తులలో వ్రాసి, చుట్టును తెల్లజాగా విడిచి యిచ్చితిని. వాడు దానిని వెనుకకు త్రిప్పి, ముందుకు త్రిప్పి, "ఖాళీ ఎందుకు మామయ్యా? కాగితం మొత్తానికీ డబ్బులిచ్చాంగా!" అనెను.

ఆ ఖాళీ మహిమ వానికి కోటప్పకొండ తీసికొనిపోయి చూపవలెనని తోచినది. శివరాత్రికి పల్లెలనుండి కదలివచ్చు ప్రభలకంటె గొప్ప ప్రకటన లోకములో నున్నదని నేను నమ్మను. తాటిచెట్లను తలదన్ను ఆ కట్టడమును ఊరంతయు చెమటోడ్చి నిలిపి, గుడ్డలు చుట్టి, దీపములు తొడిగి, త్రోవలో తీగెలడ్డమైనచో విద్యుచ్ఛక్తి శాఖవారిని బ్రతిమాలుకొని, త్రాళ్లు పట్టి నడిపింతురు. రాత్రివేళ చీకటి పొలములమీదుగా అది మినుకుమినుకుమని వచ్చుచుండగా, అక్షరము రాని ముసలమ్మ సయితము నొసట చేయి యడ్డుపెట్టుకొని "మనూరిదేరా!" అనును. వ్రాత లేదు, చిరునామా లేదు, తగ్గింపు ధర లేదు. దాని చుట్టును అంత చీకటి యుండబట్టి గదా అది కనబడుట! ఆ నల్లని ఆకసమునకు ఎవడును డబ్బు లెక్కగట్టడు, నింపుదమనియు చూడడు. ఈ మధ్య ప్రభలమీదను నాయకుల బొమ్మలు ఎక్కుచున్నవి, అది వేరు సంగతి. ఈ యుపన్యాసమంతయు సావధానముగా విని మేనల్లుడు, "బాగుంది మామయ్యా, అయితే ఆ ఖాళీలో ప్రభ బొమ్మ వేయిద్దాం" అనెను. వేయించినాడు. దాని ప్రక్కన నా బొమ్మయు వేయించినాడు, చేతులు జోడించి.

నవ్వులాటకు చెప్పుచున్నాను గాని, నా కసికి వేరొక కారణము కలదు. క్రిందటేడు మాచర్లలో నా బాల్యమిత్రుడు గతించినాడు. పెద్దకర్మకు అచ్చువేసిన కాగితమును ఎవరో తెచ్చియిచ్చిరి. శ్రద్ధాంజలి ఘటించువారి ముఖములు ఇరువది దాక నున్నవి. వాని నడుమ ఒక మూల, తపాలాబిళ్లంత బొమ్మలో, మావాడు నవ్వుచుండెను. తేదీ కొరకు కాగితమంతయు గాలించి, దొరకక, కుటుంబమువారిని అడుగుట సభ్యత కాదేమోనని సంకోచించి, మరునాడు ఎవరినైనను కనుగొందమని దానిని మడిచి పెట్టితిని. ఆ మరునాడే పెద్దకర్మ. తరువాత ఎండలో పట్టి చూడగా కనబడినది: ముదురెరుపు మీద ఎరుపక్షరములతో, వాని బొమ్మ క్రిందనే.