పంటు ఎక్కకుండా అంతర్వేదికా?

మా రోజుల్లో రాజమండ్రి నుంచి అంతర్వేదికి మోటారుసైకిలు మీద ఒంటరిగా బయల్దేరినవాడు ఎన్నింటికి చేరతాడో ఇంట్లో చెప్పి వెళ్లేవాడు కాదు. చెప్పడానికి వాడికి తెలిస్తే కదా! దూరం వంద కిలోమీటర్ల పైచిలుకు, అంతే. కానీ దారిలో లాకులున్నాయి, కాలవ గట్లున్నాయి, రేవులున్నాయి, బండి మనసొకటి ఉంది. ఇవన్నీ సరేనంటేనే పొద్దుగూకేలోపు సముద్రం కనపడేది. ఇప్పుడు ఇల్లు కదలకముందే ఫలానా గంట ఫలానా నిమిషానికి చేరతావని ఫోను చెప్పేస్తోంది. పిల్లలు ఆ నిమిషానికే చేరుతున్నారు కూడా. దారిలో ఒక్క మనిషితో మాట కలపకుండా, ఒక్కచోట కాలు కింద పెట్టకుండా చేరుతున్నారు. నా బాధంతా అదే.

నాది యెజ్డీ. మైసూరులో ఐడియల్ జావా కంపెనీవాళ్లు చేసిన బండి. దాని కిక్కు రాడ్డే గేరు రాడ్డు. కిక్కు కొట్టి స్టార్టు చేశాక దాన్నే మడిచి గేర్లు వేసుకోవాలి. టూ స్ట్రోకు ఇంజను కాబట్టి పెట్రోలులో ఆయిలు కలపాలి, లీటరుకి నలభై మిల్లీలీటర్లకి కాస్త అటూ ఇటూ. తక్కువైతే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గుకి మసిపట్టి బండి దగ్గుతుంది. సైడు డబ్బాలో ప్లగ్గు పానా, గరుకు కాగితం ముక్క, స్పేరు ప్లగ్గు, క్లచ్ వైరు లేకుండా ఎవడూ ఊరి పొలిమేర దాటేవాడు కాదు. వైద్యుడు నాలుక చూసి జబ్బు చెప్పినట్టు ప్లగ్గు మొన చూసి ఇంజను సంగతి చెప్పేవాళ్లం. ఇటుకరంగులో ఉంటే సుఖంగా ఉన్నట్టు. నల్లగా, తడిగా ఉంటే ఆయిలు ఎక్కువైనట్టు. తెల్లగా మాడి ఉంటే పెట్రోలు చాలటం లేదన్నమాట, పరుగు తగ్గించాలి.

ఆ కంపెనీ 1996లో మూతపడింది. 2022లో అదే పేరుతో కొత్త బండి వచ్చింది. ఫోర్ స్ట్రోకు, ఇంజెక్షను, ఇంజను చల్లబరచడానికి రేడియేటరు. మా మనవడు అదే కొన్నాడు. మంచి బండి. ఎంత గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం జారిపోదు. మా డ్రమ్ము బ్రేకులు వానలో తడిస్తే దేవుణ్ణి తలుచుకోవడమే. హెల్మెట్టు పెట్టుకుంటున్నారు, అదీ మంచిదే. మా వయసువాళ్లలో అది లేక పోయినవాళ్లున్నారు. యంత్రంలో వచ్చిన బాగుని కాదనేవాణ్ణి కాదు నేను. ప్రయాణం సంగతి వేరు.

ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ దాటి బొబ్బర్లంకలో దిగితే కోనసీమ మొదలు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేయించిన ఆనకట్ట చలవే ఈ పచ్చదనమంతా. అక్కణ్ణుంచి కాలవ పక్కన గట్టు రోడ్డు పట్టుకుని లొల్ల లాకుల దాకా రావాలి. లాకులంటే ఇప్పటి కుర్రాళ్లకి సినిమా పాటలు తీసే చోటు, ఫొటోలు దిగే చోటు. మా చిన్నతనంలో అవి పడవలు దిగే మెట్లు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసేవారు. తూములు వదిలితే నీళ్లు మెల్లగా దిగేవి, నీళ్లతోపాటు పడవా దిగేది. రెండు పక్కలా మట్టం సమం కాగానే ముందు తలుపులు తెరిచేవారు. ఎగువ నుంచి దిగువకి పడవ చేరడానికి పట్టే ఆ కాసేపూ పడవవాళ్లు వంట సంగతి చూసుకునేవారు, గట్టు మీద మేం బండి స్టాండు వేసి చూస్తూ నిలబడేవాళ్లం. నేను బండి కొన్ననాటికి సరుకు పడవలు పలచబడ్డాయి గానీ పూర్తిగా పోలేదు. ఇప్పుడా కాలవలో గుర్రపుడెక్క, దాని మధ్య తేలుతున్న ప్లాస్టిక్ సీసాలు. గట్టు మీద నీడనిచ్చిన నిద్రగన్నేరు మానులు రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా కొన్ని చొప్పున పోతున్నాయి.

గట్టు రోడ్డు మీద ముప్పై దాటించడం అనవసరం. ఒకపక్క కాలవ, ఒకపక్క వరిచేలు, ఎదురుగా బాతుల మంద, రోడ్డు మీద ఆరేసిన ధాన్యం. ధాన్యం మీదుగా బండి పోనివ్వడం మా రోజుల్లో మర్యాద కాదు. దిగి, బండి నడిపించుకుని పక్కనుంచి వెళ్లేవాళ్లం. ఆ పక్కనే కూచున్న ముసలాయన "ఎందాకా బాబూ?" అనేవాడు. "అంతర్వేదండి." "ఆయ్, అయితే ఇటెందుకొచ్చారండీ? సరే, వచ్చారు కదా, ఆ రావిచెట్టు దాకా పోండి. అక్కడ మళ్లీ ఎవర్నన్నా అడగండి." కోనసీమలో దారి చెప్పే పద్ధతే అంత. ఊరి చివరిదాకా చెప్పి పై ఊరివాళ్లకి మనల్ని అప్పజెప్పేవారు. రావిచెట్టు కింద అడిగితే ఎవరింటికి, ఏం పని, ఎవరబ్బాయివి అన్నీ తేలాకే దారి. విసుగు పుట్టేది, నిజమే. కానీ ఎక్కడ బండి ఆగినా నేను ఫలానా అని తెలిసినవాడు వెనక ఊళ్లో ఒకడుండేవాడు. పొద్దుపోయాక ఒంటరిగా వెళ్లేవాడికి అది ఎంత ధైర్యమో చెప్పలేను.

ఒకసారి గన్నవరం అక్విడెక్టు దాటాక తాటిపాక ఇవతల వెనక చక్రం గాలి పోయింది. పైన కాలవ, కింద వైనతేయ పారుతున్న ఆ కట్టడాన్ని కళ్లారా చూసుకుని బయల్దేరి ఎంతోసేపు కాలేదు. మిట్ట మధ్యాహ్నం. బండి తోసుకుంటూ వెళితే తాటాకుల పందిరి కింద సైకిలు షాపు. కొట్టాయన చక్రం ఊడదీసి, టైరు లివర్లని అటూ ఇటూ దూర్చి ట్యూబు లాగాడు. గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, చేత్తో నొక్కుతూ తిప్పాడు. బుడగ లేచిన చోట అగ్గిపుల్ల గుచ్చి గుర్తు పెట్టాడు. ఆ చోటు ఆకురాయితో గరుకుగా గీకి, సొల్యూషను రాసి, ఆరేదాకా ఊదుతూ కూచున్నాడు. టైరు లోపలంతా వేలితో తడిమి మేకు ముక్క బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది తియ్యకుండా ప్యాచీ వేస్తే మళ్లీ రాజోల్లో కూచుంటారండి" అన్నాడు. అంతలో కొట్టు వెనక ఇంట్లోంచి వాళ్లమ్మగారు వచ్చి, "అన్నం వేళప్పుడు ఎండలో కూచోబెట్టావేంట్రా ఆ అబ్బాయిని? కాళ్లు కడుక్కో బాబూ" అన్నారు. పనసపొట్టు కూర, కొత్తావకాయ, గడ్డ పెరుగు. వద్దనడానికి వీల్లేని పిలుపు అది. ప్యాచీకి డబ్బులు తీసుకున్నాడు, అన్నం ఊసెత్తితే మొహం చిన్నబుచ్చుకున్నాడు.

ఆ నేల అలాంటిది. 1841లో పుట్టి 1909లో పోయిన డొక్కా సీతమ్మగారు ఆ లంకల గన్నవరంలోనే కదా, వేళ కాని వేళ ఇంటికొచ్చిన బాటసారులకి లేదనకుండా అన్నం పెట్టింది. కొత్త అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు. చాలా బాగుంది. కానీ ఆ పేరు చదవడానికైనా బండి ఆపాలి కదా.

ఆ దారిలోనే చెడ్డ రోజులూ చూశాం. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండింది. రాత్రిళ్లు ఆకాశం ఆ పక్కంతా ఎర్రబడేది. మరుసటేడు నవంబరు 6న వచ్చిన తుఫాను తర్వాత వెళితే రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరిచెట్లు వరసగా పడుకుని ఉన్నాయి. కొన్ని మొండాలుగా నిలబడి ఉన్నాయి. కోనసీమలో ఎండ తగలడం అప్పుడే చూశాను. మళ్లీ మొక్కలు పెట్టి, కాపుకొచ్చేదాకా కాచుకున్నవాళ్ల తోటల మధ్య నుంచే ఇప్పుడు ఈ బళ్లు దూసుకుపోతున్నాయి.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మనవడు తెల్లారగట్ల వెళ్లి మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చాడు. అంతర్వేది చూసొచ్చానన్నాడు. సంతోషించాను. ఎటునుంచి వెళ్లావురా అంటే జాతీయ రహదారి నంబరు చెప్పాడు. లొల్ల? ఫోను చూపించలేదు. గన్నవరం అక్విడెక్టు? దాటే ఉంటాను తాతయ్యా అన్నాడు. హెల్మెట్టుకి తగిలించుకున్న కెమెరాలో తీసిన వీడియో చూపించాడు. రోడ్డు, రోడ్డు, రోడ్డు, దాని మీద పాట. ఒక్క మనిషి మొహం లేదు. "పంటు ఎక్కావా?" అన్నాను. "పంటెందుకు తాతయ్యా, చించినాడ దగ్గర బ్రిడ్జి ఉందిగా" అన్నాడు.

వంతెనలు వద్దని నేననను. నొప్పులు పడుతున్న ఆడవాళ్లని రేవులో పంటు కోసం కూచోబెట్టిన రోజులు చూశాను. పాము కరిచినవాణ్ణి నావలో దాటిస్తూంటే తలదగ్గర దీపం పట్టుకుని నిలబడ్డవాళ్లని చూశాను. 2002లో యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన తెరిచినప్పుడు ఆ రేవు కష్టం తీరింది కదా అని సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య కూడా వంతెన కావాలని అక్కడివాళ్లు దశాబ్దాలుగా అడుగుతున్నారు. వాళ్లకి అది రావాల్సిందే. కానీ సరదాకి తిరగడానికి వచ్చినవాడికి ఏం తొందర? ఆస్పత్రికి వెళ్లేవాడికి కావలసిన వంతెన వేరు, ఊళ్లు చూడ్డానికి వచ్చినవాడికి కావలసిన దారి వేరు. ఈ రెండో రకంవాళ్లే ఇప్పుడు అందరికంటే వేగంగా పోతున్నారు.

పంటు ఎక్కడమంటే ఏమిటో చెప్తాను. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిస్తే పంటు. ఒడ్డు నుంచి దాని మీదికి రెండు చెక్కలు వేస్తారు. బురదలో కాళ్లు జారుతుంటాయి. బండి మొదటి గేరులో పెట్టి, క్లచ్ సగం వదిలి, పక్కన నడుస్తూ ఎక్కించాలి. వెనకనుంచి క్యారియరు పట్టుకుని పంటు కుర్రాడు "రైట్ రైట్, ఇంకొంచెం, ఆపేయండి" అంటూ తోస్తాడు. పక్కన కొబ్బరికాయల బస్తాలు, పాలక్యాన్లు, రొయ్యల ట్రేలు, కొత్త పెళ్లికూతురు, ఆవిడతో వచ్చిన సారె కావిడి. అక్కడ గోదారికి సముద్రం పోటూ ఆటూ తెలుస్తుంది. ఆటు మీద ఇసుక మేటలు పైకి తేలతాయి. సరంగు తిన్నగా రాడు, చుట్టూ తిప్పుకుని వస్తాడు. ఎందుకని అడిగితే కిందటి వరదకి మేట ఎక్కడ పడిందో, ఏ పక్క లోతు జరిగిందో చెప్తాడు. గోదారి గురించి నేను నేర్చుకున్నది చాలా మటుకు ఆ పంటుల మీదే. బండి పక్కన నిలబడి ఉంటే ఎవరో ఒకరు సీటు మీద చెయ్యి వేసి, "ఇది ఎంత ఇస్తుందండి లీటరుకి?" అనేవారు. అక్కడ మొదలైన మాట అవతలి రేవు వచ్చేసరికి వాళ్లమ్మాయి పెళ్లిదాకా వెళ్లేది.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామిని దర్శనం చేసుకుని, గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లేవాళ్లం. ఇసుకలో బండి నడవదు, దింపి వదిలేసి నడిచి పోవాలి. భీష్మ ఏకాదశి రథోత్సవానికైతే పంటులన్నీ కిటకిటలాడేవి. ఆ రోజుల్లో ఒంటరిగా వెళ్లినా అక్కడ ఒంటరిగా ఉండే వీలు లేదు. ఇప్పుడు మలికిపురం, సఖినేటిపల్లి పక్క వరిచేలు చాలా మటుకు రొయ్యల చెరువులైపోయాయి. వాటిలో తిరిగే ఏరేటర్ల మోత, ఆ వాసన. అంత నేల మారిపోయిందని ఎనభై మీద వెళ్లేవాడికి తెలుస్తుందా? పక్కనే ఉన్న బోదెలో ఉప్పునీరు చేరిందని ఏ రైతన్నా చెప్పాలంటే వాడు ఆగాలి, రైతు దగ్గర కూచోవాలి.

మనవడికి మళ్లీ సెలవులున్నాయి, మళ్లీ వెళ్తానంటున్నాడు. ఈసారి నేనే దారి చెప్పాను. బొబ్బర్లంక నుంచి కాలవ గట్టు. లొల్ల దగ్గర దిగి లాకుల మీద నడవాలి. ఆత్రేయపురంలో పూతరేకులు కొనేటప్పుడు ప్యాకెట్టు అందుకుని రాకుండా, బోర్లించిన కుండ మీద పిండి గుడ్డతో లాగి రేకు తీసే ఆవిడ పక్కన కాసేపు నిలబడాలి. గన్నవరంలో అక్విడెక్టు మీద ఆగాలి. రాజోలు, మలికిపురం మీదుగా అంతర్వేది. వచ్చేటప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురంలో దిగి, పాలకొల్లు మీదుగా సిద్ధాంతం దగ్గర మళ్లీ గోదారి దాటి ఇంటికి. "చివరి పంటు ఎన్నింటికి తాతయ్యా?" అన్నాడు, ఫోను తీస్తూ. అది రేవులో అడిగి తెలుసుకోవాలిరా అన్నాను.