డైరెక్టర్‌గారి పదకొండో డ్రాఫ్టు

మోండా మార్కెట్లో పచ్చిమిర్చి కొనాలంటే ముందు ఫ్రేములోంచి తప్పుకోవాలి. "సార్, జర పక్కకు. లైట్ ఆగుతుంది" అంటాడు మిర్చి దుకాణం వాళ్ళబ్బాయి, నాలుగు వేళ్ళతో చట్రం కట్టి ఒంటికన్నుతో చూస్తూ. ఫిల్మ్ కోర్సులో చేరిన ఏడాదిన్నరలో అతని చేతికందిన కెమెరా అదొక్కటే.

బజారంతా అతన్ని డైరెక్టర్ అంటుంది. పొద్దున దుకాణం, పదింటికి యూనివర్సిటీ. ఏ యూనివర్సిటీయో నేను చెప్పను. అతనైతే పావుకిలో కొన్నవాళ్ళకు కూడా చెబుతాడు.

"కెమెరా ఉంది సార్, బీరువల ఉంది. బీరువకు తాళం ఉంది. తాళంచెవి ఉన్న సారు లీవుల ఉన్నడు. మాకేమో మాంటాజ్ అనగానేమి, పది మార్కులు!"

1948 నాటి 'బైసికిల్ థీవ్స్' మూడు సెమిస్టర్లలో మూడుసార్లు వేశారట. మూడుసార్లూ డిస్కు సైకిల్ పోకముందే ఆగిపోయింది. "ఇంతకూ పోయిందా సార్?" అని నన్నడిగాడు. పోయిందన్నాను. సస్పెన్స్ చెడగొట్టినందుకు వారం రోజులు కరివేపాకు కొసరు పడలేదు.

పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అంటే అతనికి ప్రాణం. అక్కడి చదువు కంటే 2015లో అక్కడి విద్యార్థులు చేసిన సమ్మె మీద ఎక్కువ మోజు. "139 రోజులు సార్! మా దగ్గర సమ్మె కూడా మధ్యాహ్నం బస్సు టైముకు ఖతం."

మన తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగళ్ ఏ ఫిల్మ్ స్కూల్లోనూ చదవలేదనీ, ఎకనమిక్స్ చదివి 1974లో 'అంకుర్' తీశాడనీ, తర్వాత ఆ పుణె ఇన్‌స్టిట్యూట్‌కే చైర్మనయ్యాడనీ చెప్పి చూశాను. "ఆయనకు కోర్సు లేదు కాబట్టి బతికిపోయిండు సార్!"

పోనీ, హమాలీలూ గంపలూ ఆవులూ అన్నీ ఇక్కడే ఉన్నాయి, సెల్‌ఫోన్లో తియ్యరాదా అన్నాను. చుట్టూ చూసి పెదవి విరిచాడు. "క్రౌడ్ ఓవర్ యాక్షన్ చేస్తుంది."

అతను నిజంగా పూర్తిచేసిన స్క్రిప్టు ఒకటుంది: డిపార్ట్‌మెంట్ హెడ్డుకు ఫిర్యాదు. మిర్చి మూటల లెక్కచీటీల వెనక రాశాడు. బ్రోషర్ మీది క్రేన్ బొమ్మతో ఓపెనింగ్, అడ్మిషన్ రోజు ఫ్లాష్‌బ్యాక్, ఫీజు పెంచిన చోట ఇంటర్వెల్, క్లైమాక్సులో వానలో తడుస్తూ తాళంచెవి అందించే హెడ్డు. నిజం చెప్పొద్దూ, ఎక్కడా బిగి సడలలేదు. కోర్సు ఏమీ నేర్పలేదన్న మాట నమ్మడం నాకు అక్కడే కష్టమైంది.

"ఇచ్చిరారా అంటే ఇయ్యడు సార్" అన్నాడు వాళ్ళ నాన్న, తక్కెడలో మిర్చి పోస్తూ. "వెనక చీటీల మీద నాకు రావాల్సిన బాకీలున్నయి. అవన్న ఇయ్యమనుండ్రి."

క్లైమాక్స్ కుదరలేదని ఇప్పుడు పదకొండో డ్రాఫ్టు నడుస్తోంది. మీరు అటువైపు వెళితే ధర మాత్రం వాళ్ళ నాన్ననే అడగండి.