ఆకాశం నీలంగా ఉంది, పదండి!

గుల్మార్గ్‌లో నేను మూడు రోజులున్నాను. రెండు రోజులు మంచు తుపాను, గదిలో కాంగ్రీ కుంపటి పక్కనే గడిచిపోయాయి. సలహాలివ్వడానికి ఆ మాత్రం అనుభవం చాలు.

తుపాను వెలిసిన మర్నాడే కొండెక్కండి. చిల్లై కలాన్ అనే కశ్మీరీ గడ్డుచలి 40 రోజుల్లో అంత తెల్లని పొద్దు మళ్ళీ దొరకదు. కొత్త మంచు కింది పొరకు అతుక్కోవడానికి ఒకటి రెండు రోజులైనా పడుతుందని గైడు సణుగుతాడు. వారమంతా పడిన అడుగు మంచు కన్నా, ఒక్క రాత్రిలో పడిన అడుగు ప్రమాదమట. అడుగు అడుగే కదా! పాపం, లెక్కలు రావు.

గాలిని అసలు పట్టించుకోకండి. దాదాపు 4,000 మీటర్ల ఎత్తున అఫర్వత్ కొండ అంచు నుంచి తెల్లటి పొగ లేస్తుంటే ఫొటో తీసుకోండి. గాలి ఇటువైపు మంచును గీరి అవతలి వాలు మీద పోస్తోందని చెబుతారు. పైనుంచి రేణువు రాలకపోయినా సరే, తుపాను కురిసే దానికి పదింతల వేగంతో పోయగలదట. దారిలో పలుకులు నలిగి పిండవుతాయి. ఆ పిండి దిబ్బరొట్టెలా బిగుసుకుంటుంది. దాని కింద, అంతకుముందు చలిరాత్రుల్లో తయారైన, ఒకదానికొకటి అంటని బొంబాయిరవ్వ లాంటి మంచు. రవ్వ మీద రొట్టె, అదీ 30 నుంచి 45 డిగ్రీల వాలులో! బరువు మించితే ఎవరూ కాలు పెట్టకుండానే వాలంతా పలకలా ఊడి జారుతుందట.

గొండోలా కేబుల్ కారు మొదటి దశ ఆగే కొంగ్‌డూరి దగ్గర గైడు కర్ర గుచ్చి చూపించాడు. జానెడు లోతు దాకా గట్టిగా మొరాయించి, ఆ తర్వాత సర్రున మొదలంటా దిగిపోయింది. "వెనక్కి పోదాం సార్" అన్నాడు. ఇవన్నీ కూలి పెంచుకునే ఎత్తులు.

కాళ్ళ కింద 'భుమ్' మని మోగి, మంచు మీద బీట సాగితే, అది ఎందాకా పోతుందో చూడ్డానికి ఇంకో నాలుగడుగులు వేయండి. శిఖరం అంచున గాలి కట్టిన మంచుచూరు సెల్ఫీకి బాగుంటుంది. దాని కింద ఏమీ లేదంటారు. మన పెంకుటింటి చూరు కింద మాత్రం ఏముంది?

వాలును ఒక్కొక్కరుగా దాటడం పిరికితనం, గుంపుగా దాటండి. కూరుకుపోతే ఆచూకీ తెలిపే బీకన్, తవ్వే పార దండగ బరువు. కూరుకుపోయినవాణ్ణి పావుగంట లోపు తీయాలట. ఆపాటికి పార అద్దెకు దొరకదా?

మా బావమరిది మాత్రం మంచుచరియల హెచ్చరిక చదివి దుప్పట్లోంచి లేవలేదు. అలాంటివాళ్ళను వెంట తీసుకెళ్ళకండి.

ఆ మూడో రోజు గాలికి గొండోలా రెండో దశ ఆపేశారు. అందుకని ఈ చిట్కాల్లో ఒక్కటీ నేను స్వయంగా ప్రయోగించి చూడలేదు.