నేను కేటగిరీ-1 మీటరుని

నాచేత పని చేయించుకున్నవాళ్లే గానీ నా అద్దం తుడిచినవాళ్లు లేరు. గుంటూరులో ఓ సందులోని ఇంటి వసారా గోడకు నన్ను బిగించారు. లోపల తీగచుట్టలు, నడుమ అల్యూమినియం చక్రం. ఇంట్లో వాడకం ఎంత పెరిగితే అంత వేగంగా తిరగడమే నా ఉద్యోగం. కార్డు మీద ‘కేటగిరీ-1, గృహావసరం’ అని రాశారు. నేనూ అదే నమ్మాను.

మొదట్లో రెండు ట్యూబులైట్లు, ఓ ఫ్యాను. తర్వాత ఇల్లాలు చుట్టాలకని మిక్సీలో కారం పట్టడం మొదలెట్టింది. చుట్టాలు పదిమందికి చెప్పారు. ఇంటాయన మూడు హెచ్‌పీ మోటారుతో కారం మిషను తెచ్చి పెరటి గదిలో దింపాడు. ఒక కిలోవాటుకు రాయించుకున్న కనెక్షను మీద రెండు కిలోవాట్లకు పైగా లాగే మోటారు! ఊపిరి సలపలేదు నాకు. అయినా ఒక్క యూనిటు ఎక్కువ వేయలేదు, తక్కువ వేయలేదు.

నా బతుకు మాత్రం ఎర్రబడింది. అద్దం మీద కారం ధూళి, వెనకాల కందిరీగల గూడు, పండక్కి సున్నం వేసేవాడు విదిల్చిన చుక్కలు. రీడింగుకు వచ్చే కుర్రాడు వేలితో తుడిచేవాడు, అదీ అంకెలు కనబడే మేరకే.

కుట్టుమిషనో ట్యూషనో ఇంటి మూలన ఉంటే సాధారణంగా ఎవరూ తలదూర్చరు. మోటారు, ధూళి, చప్పుడు వచ్చాయంటే లెక్క వేరు. మాస్టర్ ప్లాన్‌లో ఆ సందు నివాస జోను. మర పెట్టాలంటే కార్పొరేషను దగ్గర ట్రేడ్ లైసెన్సు కావాలి, ఇంటిపన్నులో ఆ గదిని నివాసేతరంగా చూపాలి, నా కేటగిరీ మారాలి. ఏ కాగితం తిప్పినా అది ఇల్లే. కాదని తెలిసినది నేనొక్కదాన్నే. నోరుంటే కదా!

నోరున్నది పక్కింటావిడకి. “వదినా, కారం మీకూ, తుమ్ములు మాకూనా?” అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు, అర్జీ పెట్టింది.

లైసెన్సేదని ఒకరొచ్చారు. వెనకే మా శాఖవాళ్లు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను ప్రకారం, ఇచ్చిన అవసరానికి కాక వేరేదానికి కరెంటు వాడితే అసలు పడాల్సిన ధరకు రెండింతలు కట్టాలి. ఎన్నాళ్లుగా వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కేస్తారు. మోసబుద్ధితో చేయకపోతే ఇది దొంగతనం కింద రాదు. దానికి 135 ఉంది. ఈ తేడా మా ఇంటాయనకి ఎవరైనా నిదానంగా చెప్పి ఉంటే బాగుండేది. నోటీసు చూడగానే “ఈ మీటరే అడ్డగోలుగా తిరిగింది!” అన్నాడు.

నేనా? ఇన్నేళ్ల చాకిరీలో నన్ను నిజంగా కుళ్లబొడిచిన మాట అదొక్కటే.

పరీక్షకు తీసుకెళ్లారు. బల్ల మీద ప్రామాణిక మీటరు పక్కన తిప్పి చూశారు. సరిగ్గా ఉన్నానని తేల్చారు. ఆ కాగితాన్ని ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు, చదవలేదు. మిషను మెయిన్‌రోడ్డు మీద అద్దె గదికి పోయింది, అక్కడ దానికి పరిశ్రమ కనెక్షనట, కేటగిరీ-3. కారం పొట్లాలు కట్టే పని మాత్రం ఇంట్లోనే సాగుతోంది, దానికి మోటారు అక్కర్లేదు.

సరిగ్గా ఉన్నదాన్ని మళ్లీ గోడకెక్కిస్తారనుకున్నాను. నా చోట్లో ఎర్రలైటు మిణుకుమనే ఎలక్ట్రానిక్ మీటరును బిగించారు. నన్ను స్టోరు వెనక గుట్టలో పడేశారు. వేలంలో కిలోల లెక్కన పాడతారట. పాడేవాడు ముందు కారం దులుపుకోవాలి.