అటకప్రకాశిక
(బొమ్మలు కొని అమ్మబోవు వారికి టీకా తాత్పర్య సహితం)

అవతారిక

రేపల్లెలో ఉండే మా తమ్ముడు ఉద్యోగ విరమణ చేశాక కాలూ చేయీ ఊరుకోక, బొమ్మలు సేకరించి అమ్ముదామనుకున్నాడు. "అన్నయ్యా, ముందు ఏది కొనాలి? ఎంతకమ్మాలి?" అని తెనాలిలో ఉన్న నన్నడిగాడు. వచనంలో చెబితే వాడు వినడు. అందుకని పద్యం కట్టాను. ఇది తెనాలి–రేపల్లె పాసింజరులో, వేమూరు దాటి భట్టిప్రోలు చేరే లోపల పుట్టింది. ఆ భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వినప్పుడు రాతిపెట్టెల్లోంచి స్ఫటిక భరిణె బయటపడింది. అపురూపమైనదాన్ని పెట్టెలో పెట్టి దాచడం ఈ రైలుదారిలో రెండువేల ఏళ్ల నాటి విద్య గనుక, జన్మస్థలం ప్రశస్తం.

పద్యం (ఆటవెలది)

కొండపల్లి బొమ్మ కొనుమయ్య ముందుగా
మెడను చూచి, రంగు మెరుగు చూచి
అటకమీది బొమ్మ యమ్మకు బాబయ్య
బొమ్మలెంచువాని బొమ్మలెంచు

టీక

బాబయ్య = ఓ నాయనా (పినతండ్రి కాడని గ్రహించునది); ముందుగా = తక్కినవాటికన్న ముందు, అమ్మకమునకన్న మరీ ముందు; మెడను చూచి = అతుకును పరీక్షించి; రంగు మెరుగు చూచి = పాత రంగో, నిన్న పూసిన రంగో తేల్చుకొని; కొండపల్లి బొమ్మ = తెల్లపొణికి కర్రతో చేసిన బొమ్మను; కొనుమయ్య = రొక్కమిచ్చి తీసికొనుము (అరువు కాదని భావము); అటకమీది బొమ్మ = తల్లి దాచిన బొమ్మ; అమ్మకు = దీని సంగతి ముందు చెప్పబడును; బొమ్మలు ఎంచువానిని = బొమ్మల మంచిచెడ్డలు చూచువానిని; బొమ్మలు = ఆ బొమ్మలే; ఎంచు = తూచును.

తాత్పర్యం

చూడడం వచ్చాక కొను. కొన్నదాన్ని అమ్ము. దాచినదాని జోలికి పోకు.

విశేషాలు

మెడనే ఏల చూడవలెను? కొండపల్లివారు తేలికైన పొణికి కర్రలో కాళ్లూ చేతులూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఆపైన సున్నం, దానిమీద రంగులు. కాబట్టి బొమ్మ చెప్పే అబద్ధమేదైనా అతుకు దగ్గరే దొరుకుతుంది. అంబారీ ఏనుగు తొండం సంధి, తాడిచెట్టు ఎక్కేవాడి చేయి, దాసరివాడి మెడ వేలితో తడిమి చూడాలి. వేలికి మిట్ట తగిలితే మరమ్మతు జరిగిందని అర్థం. మరమ్మతు తప్పు కాదు గాని, చెప్పకుండా అమ్మితే తప్పు.

రంగు సంగతి. చంకలోనూ పీఠం అంచునా ఒక రంగు, ముఖాన మరొక రంగు ఉంటే తరవాత ఎవరో మెరుగుపెట్టారన్నమాట. కొత్తవాళ్లు మొదట చేసే పాపం ఇదే: పాత బొమ్మ వెలిసిందని ఎనామెల్ పూస్తారు. దానితో బొమ్మ పాతా కాదు, కొత్తా కాదు.

పూర్వపక్షం: ఏటికొప్పాక బొమ్మతో మొదలుపెడితే తప్పా? సమాధానం: తప్పు కాదు. వరాహనది ఒడ్డున అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క పట్టించి చేసే ఆ బొమ్మకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కళను నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అయితే లక్క పిడత నున్నగా ఉంటుంది. లోపం వెతకడం నేర్చుకునేవాడికి అతుకులున్న బొమ్మే గురువు.

అమ్మకం గురించి ప్రాచీనుల మతం రెండు ముక్కలు. ఒకటి, జట్టు విడదీయరాదు. పదింటిలో వామనుడు పోతే మిగిలేవి తొమ్మిది బొమ్మలేగాని దశావతారాలు కావు. రెండు, చీటీ రాసి కట్టవలెను: ఎక్కడ కొన్నది, ఎవరింటి కొలువులో ఏ మెట్టు మీద కూర్చున్నది, ఎక్కడ పెచ్చు ఊడినది. ఆ చీటీ లేని బొమ్మకు చెక్క ధర వస్తుంది. చుట్టేందుకు మెత్తని పాత చీర ముక్క, పురుగు పట్టకుండా రెండు కలరా ఉండలు చాలు.

పాఠాంతరం, శ్లేష

మూడవ పాదంలో "అమ్మకు" అన్నది తెనాలివారి మతంలో నిషేధం: విక్రయించకుము. బాపట్లవారి మతంలో షష్ఠీ విభక్తి: అది అమ్మకు చెందును. రేపల్లె ప్రతిలో మాత్రం "యమ్ముకో బాబయ్య" అని ఉన్నది. ఇది మా తమ్ముడి దిద్దుబాటు. భగణం పోయి రగణం వచ్చిందిగాని ఛందస్సు చెడలేదు, యతి తప్పలేదు. అందువల్లనే ఈ పాఠం మరింత ప్రమాదకరం.

బాపట్లవారి పక్షమే బలమైనది. ఏలనన, అమ్మ అక్కడే ఉంది. సంక్రాంతికి బేసి మెట్లు కట్టి, ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చి పెంచిన కొలువు ఆమెది. 1977 నవంబరు 19 గాలివానకు ఇంట్లోకి నీళ్లొచ్చి కింద గదిలోని మట్టిబొమ్మలు ముద్దయిపోయాయి. అంతకుముందే ఆమె పైకెక్కించిన చెక్కబొమ్మలు దక్కాయి. అటకెక్కించడమంటే మూలన పడేయడమని లోకం అనుకుంటుంది. మా ఇంటి నిఘంటువులో దాని అర్థం కాపాడడం.

ఫలశ్రుతి

ఈ టీకను చదివినవారు మొదటి ఏడాది అమ్మరు, చూస్తారు. రెండో ఏడాది నష్టపోరు. మా తమ్ముడు కొండపల్లి వెళ్లి రెండు అంబారీ ఏనుగులు కొన్నాడు, ఒకటి అమ్మాడు. తరవాత బాపట్ల వెళ్లి అటక వైపు చూశాడు.

నిచ్చెన అమ్మ మంచం కింద ఉంది.