గీత ఒకటే, గిట్టుబాటే వేరు

డార్ట్స్ పెద్దల న్యాయబుద్ధికి ముందుగా ఓ దండం. బోర్డు నడిబొడ్డు నేల నుంచి 1.73 మీటర్ల ఎత్తు, నిలబడే గీత బోర్డుకు 2.37 మీటర్ల దూరం. ఆడవాళ్లకని అంగుళం తగ్గించలేదు, మగవాళ్లకని పెంచలేదు. క్రికెట్‌లోనైతే బౌండరీ దగ్గరికి జరుపుతారు. ఇక్కడ టేపు పెట్టి మరీ సమానం చేశారు. పర్సు తీసే వేళకే ఆ టేపు ఎక్కడ పెట్టారో గుర్తురాదు.

1976లో ప్రపంచ డార్ట్స్ సమాఖ్య పుట్టింది. మరుసటేడు వెంబ్లీలో దేశాల జట్లకు ప్రపంచ కప్పు పెడితే వేల్స్ ఎగరేసుకుపోయింది. పేరులో ప్రపంచం ఉంది గానీ పోటీలో ఆడవాళ్లు లేరు. రెండేళ్లకోసారి వచ్చే ఆ పండగను మూడు విడతలు మగవాళ్లే చేసుకున్నాక, 1983లో భూమ్మీద మిగతా సగం కూడా ఉందని ఎవరికో తట్టింది. ఆరేళ్లేగా, పోనిద్దురూ! వ్యక్తిగత ప్రపంచ చాంపియన్‌షిప్ మగవాళ్లకు 1978లో మొదలైతే ఆడవాళ్లకు 2001 దాకా ముహూర్తమే కుదరలేదు. తలుపు తీసీ తీయగానే ట్రీనా గలివర్ వరుసగా ఏడుసార్లు, మొత్తం పదిసార్లు గెలిచింది. అంతకుముందు ఎందరు ట్రీనాలు ఆ తలుపు బయటే ముసలివాళ్లయ్యారో!

అలాగని వేదిక మీద ఆడవాళ్లకు చోటే లేదంటే కళ్లు పోతాయి. ఉండేది. పాట మోగుతుంటే ఆటగాడి పక్కన నవ్వుతూ నడిచి, వేదిక దాకా దిగబెట్టి, తప్పుకునే ఉద్యోగం. ప్రొఫెషనల్ డార్ట్స్ కార్పొరేషన్ దానికి స్వస్తి చెప్పింది 2018 జనవరిలో. మరుసటేడు డిసెంబరులో ఫాలన్ షెరాక్ లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో, ఆ సంస్థ ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనే, టెడ్ ఎవెట్స్‌ను 3-2తో, ఆ వెంటనే మెన్సూర్ సుల్యోవిచ్‌ను ఓడించింది. ఈసారి దిగబెట్టాల్సి వచ్చింది మగవాళ్లను, అదీ ఇంటిదాకా.

ఇక అసలు వైభోగం 2022 జులైలో, బ్లాక్‌పూల్ వింటర్ గార్డెన్స్‌లో. అదే హాలు, అదే బోర్డు. మగవాళ్ల వరల్డ్ మ్యాచ్‌ప్లే టోర్నీకి 32 మంది, తొమ్మిది రోజులు. ఆడవాళ్ల తొలి మ్యాచ్‌ప్లేకి ఎనిమిది మంది, ఒక్క ఆదివారం మధ్యాహ్నం. తొలి రౌండూ, సెమీసూ, ఫైనలూ అన్నీ ఆ పూటే తెమిల్చేయాలి, రాత్రికి మగవాళ్ల ఫైనల్ ఉంది మరి! మగ విజేతకు 2,00,000 పౌండ్లు, ఆడవాళ్లలో గెలిచిన షెరాక్‌కు 10,000. రూపాయికి ఐదు పైసలు. మన దగ్గర ఆ బిళ్ల మార్కెట్లో చెల్లడం ఏనాడో మానేసింది.

ఎందుకయ్యా అంటే, ఆడవాళ్ల ఆట చూసేవాళ్లు తక్కువట. భోజనాలయ్యాక జనం కునికే వేళకు ఆట పెట్టి, జనం కునికారని లెక్క రాసుకోవడం గొప్ప వ్యాపార శాస్త్రం. ఆటలో పస లేదందామంటే బో గ్రీవ్స్ అడ్డొస్తోంది. 2025 అక్టోబరులో యువ ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీస్‌లో ఆమె ఓడించింది అనామకుణ్ణి కాదు, సాక్షాత్తు ప్రపంచ విజేత ల్యూక్ లిట్లర్‌ను, 6-5తో. బలం చాలదందామా? డార్టు 50 గ్రాములు మించకూడదని నియమం. అంతకంటే బరువైన గరిటె ప్రతి వంటింట్లో ఉంది.

సాకులు అయిపోయాయి పెద్దలారా. ఆడవాళ్ల ఫైనల్‌ను రాత్రికి మార్చండి, చెక్కు మీద సున్నాలు సరిచేయండి.