మిడ్‌సోమర్‌లో అద్దె ఇళ్ళు ఖాళీ!

బ్రిటన్ వాళ్ళు బయటి దేశాలవాళ్ళకు తమ టీవీ సీరియళ్ళను సిఫార్సు చేసే ముచ్చట చూసి తీరాలి. "ఫాల్టీ టవర్స్ చూడలేదా? అయ్యో!" అంటారు. తీరా అడిగితే ఉన్నవి 12 భాగాలే. 1975లో 6, మళ్ళీ 1979లో 6. మన సీరియల్లో అత్తగారు గిర్రున తిరిగి కోడలి వంక చూడ్డానికే అన్ని పడతాయి.

పల్లెల అందం కావాలంటే 'మిడ్‌సోమర్ మర్డర్స్' అట. గడ్డి కప్పిన ఇళ్ళు, గులాబీ తోటలు, చర్చి గంటలు, మధ్యమధ్యలో శవాలు. 1997 నుంచి ఇదే వరస. ఒకావిడనైతే బండి చక్రమంత చీజు దిమ్మతో చంపేశారు. కల్పిత జిల్లా కాబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఓటర్ల జాబితా ఎప్పుడో ఖాళీ! పైగా ఇన్‌స్పెక్టర్ బార్నబీ రిటైరైతే ఆ కుర్చీలోకి వచ్చింది ఆయన కజినే. వారసత్వం మన ఒక్కళ్ళ సొత్తా ఏంటి?

ఇంతా ఊరించాక బీబీసీ ఐప్లేయర్ తెరిస్తే, బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకే అంటుంది. విస్తరి వేసి వడ్డన ఎగ్గొట్టడమంటే ఇదే.

'యెస్ మినిస్టర్' సంగతి వేరు. మంత్రి ఏదో చేద్దామంటాడు, కార్యదర్శి సర్ హంఫ్రీ ఊపిరి తిప్పుకోని వాక్యమొకటి వదిలి దాన్ని ఆపేస్తాడు. అప్పటి ప్రధాని థాచర్ గారికి ఈ సీరియల్ తెగ నచ్చింది. 2001లో హిందీలో ఫారూఖ్ షేక్‌తో 'జీ మంత్రీజీ'గానూ వచ్చింది. మన సచివాలయం ఉద్యోగులకు మాత్రం దీన్ని సిఫార్సు చేయకండి. పొద్దస్తమానం చూసిందే ఇంటికొచ్చి మళ్ళీ ఎవరు చూస్తారు?